సీక్వెన్స్ కింద పెట్టిన రోజు

పేకాటలో గెలిచిన భర్త గురించి గొప్పగా చెప్పుకునే ఆడవాళ్ళు ఎక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు. నేను మాత్రం మా ఆయన ఓడిపోయిన ఆట ఒకటి పట్టుకొని అందరికీ చెప్తుంటాను. ఇంటికి ఎవరొచ్చినా సరే, చాయ్ గ్లాసు చేతికిచ్చి, ఎండల గురించో నల్లా నీళ్ళ గురించో రెండు మాటలయ్యాక మెల్లగా అక్కడికే వస్తాను. లోపలి గదిలోంచి మా బిడ్డ అరుస్తుంది, "అమ్మా, మళ్ల షురూ జేసినవా?" అని.

చేస్తాను. ఎందుకు చెయ్యకూడదు?

మా ఆయన యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట మాస్టర్. మా ఇల్లు క్యాంపస్ పక్కనే, మాణికేశ్వర్ నగర్ బస్తీలో. ఇంట్లోంచి బయటపడి క్యాంపస్‌లోకి నడిచాడంటే ఆ చెట్ల కింది రోడ్డు మీద ఆయనకు నమస్తే పెట్టని మనిషి ఉండేవాడు కాదు. పెద్ద పెద్ద డేగిసాల్లో పప్పు ఉడుకుతుంటే ఉప్పు గుప్పిట్లో తీసుకొని వేసేవాడు. చెంచాతో కొలవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ గుప్పిటే ఒక రోజు పొద్దున పట్టు తప్పింది. ఉప్మా కలుపుతుంటే గరిటె జారింది, మాట ముద్దయింది. మెస్సు వాళ్ళే ఆటోలో వేసుకొని దవాఖానకు తీసుకుపోయారు.

పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, ముఖంలో కుడి సగం. కాలు ముందు లేచింది, కర్ర పట్టుకొని ఇంట్లో తిరగడం మొదలుపెట్టాడు. చెయ్యి మెల్లమెల్లగా కదిలింది. ముఖమే మాట వినలేదు. ఆయన నవ్వినా ఏడ్చినా కుడి సగం గోడలాగా నిలబడే ఉండేది.

చూడడానికి వచ్చిన వాళ్ళు ఆయన ఎదురుగానే కూర్చొని నన్ను అడిగేవారు. "వదినె, మాస్టరుకు మనం మాట్లాడేది తెలుస్తున్నదా?" అని. ఆయనకు అంతా తెలుస్తూనే ఉండేది. తెలిసే తల అటు తిప్పుకునేవాడు. కొన్నాళ్ళకు ఎవరైనా వస్తున్నారంటే లోపలి గదిలోకి పోయి పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. కసరత్తు చేయించే మేడం దగ్గరికి తార్నాక పోవాలి. క్యాంపస్ లోపలి నుంచి పోతే దగ్గర, చల్లగా ఉంటుంది. ఆయన మాత్రం ఆటో ఎక్కగానే ఎడమ చెయ్యి ఊపి బయటి రోడ్డు చూపించేవాడు. దుమ్ము, ట్రాఫిక్, సిగ్నళ్ళు, ఏవైనా ఫర్వాలేదు. తన మెస్సు ముందు నుంచి మాత్రం పోకూడదు.

ఆ మేడం మంచి మనిషి. ఒక రోజు నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

"అమ్మా, పాతయన్నీ ఆయనకు యాదికున్నయ్. అది మంచిదే. కొత్తది ఒక్కటి బుర్రకెక్కుతదా అన్నదే ఇప్పుడు సూడాలె. ఒక్కటి ఎక్కిందంటే ఇంక తోవ దొరికినట్టే. ఇంట్ల ఏదన్న కొత్తది నేర్పియ్యుండ్రి."

ఏం నేర్పించాలి? బిడ్డ కొత్త ఫోను ఇచ్చి చూసింది. రెండు రోజులకు దాన్ని దిండు కింద పెట్టి మరిచిపోయాడు. చేతి పట్టు కోసం పిసకమని మేడం ఇచ్చిన రబ్బరు బంతి కిటికీలోంచి పక్కింటి బాల్కనీలో పడింది. పడింది అంటున్నాను గానీ, ఎవరు విసిరారో అందరికీ తెలుసు.

మా బిడ్డ అదే యూనివర్సిటీలో పీజీ చదువుతోంది. మధ్యాహ్నాలు క్లాసు లేకపోతే స్నేహితురాళ్ళ హాస్టల్ గదిలో కూర్చుంటుంది. ఒక రోజు ఇంటికొచ్చి బ్యాగులోంచి పేక పత్తాల కట్ట తీసి బాపు మంచం మీద పెట్టింది.

నాకు ఒళ్ళు మండింది. "పత్తాలా? ఇంట్లనా? మన బస్తీల ఈ పత్తాలతోని ఎన్ని కొంపలు కూలినయో ఎరుకనా నీకు?"

"పైసల్లేకుండ ఆడుదమే అమ్మా. పోకర్ అంటరు దీన్ని. హాస్టల్ల మేమందరం బటన్లు పెట్టి ఆడుతం. పైసలు పెట్టి ఆడితే పోలీసోళ్లు పట్టుకపోతరు, నాకు గంత తెల్వదా?"

"మరి పైసల్లేకుంటే పత్తాలెందుకు?"

"బాపు చేతుల పట్టుకుంటడేమో సూద్దమని."

 ఆయన అప్పటికే ఎడమ చేత్తో కట్ట తీసుకొని, కుడి అరచేతిలో పెట్టుకొని, బొటనవేలితో పై పత్తాను పక్కకు జరపడానికి చూస్తున్నాడు. రబ్బరు బంతి ముట్టని మనిషి.

చింతపండు శుభ్రం చేసినప్పుడు గింజలు నేను పారెయ్యను. కడిగి ఎండబెట్టి డబ్బాలో పోస్తాను, ఎప్పుడైనా అష్టాచెమ్మాకు పనికొస్తాయని. ఆ డబ్బా తెచ్చి ముగ్గురికీ తలా గుప్పెడు పంచాను. మధ్యలో ఒక స్టీలు పళ్ళెం పెట్టాం. అదే మా పందెం.

నాకూ మా ఆయనకూ తీన్ పత్తి తెలుసు. దీపావళికి మా అమ్మగారింట్లో, పెళ్ళిళ్ళ పందిట్లో, అది ఆడని తెలంగాణ ఇల్లు తక్కువ. మూడు పత్తాలు పంచుకొని, ధైర్యం ఉన్నవాడు గింజలు వేస్తాడు, లేనివాడు ప్యాక్ అని పడేస్తాడు. పోకర్ దానికి పెద్దక్క లాంటిదని బిడ్డ చెప్పింది.

"ఒక్కొక్కలకు రెండే పత్తాలు. ఎవ్వలియి వాళ్లే సూడాలె. తర్వాత అందరికీ కలిపి నడుమల ఐదు తెరుస్తం. ఒక్కసారే గాదు. ముందుగాల మూడు, తర్వాత ఒకటి, ఆఖరికి ఒకటి. నీ చేతిలయి రెండు, నడుమయి ఐదు. ఈ ఏడిట్ల మంచియి ఐదు ఏరుకోవాలె."

పత్తాలు తెరిచిన ప్రతిసారీ గింజల మాట వస్తుంది. పంచకముందే ఇద్దరు తమ పత్తాలు చూడకుండా కొన్ని గింజలు పళ్ళెంలో వెయ్యాలి, లేకపోతే ఎవరూ ఏమీ పెట్టకుండా కూర్చుంటారు కదా. ఆ తర్వాత ఎదుటివాడు వేసినన్ని వేసి ఉండొచ్చు, ఇంకొన్ని పెంచొచ్చు, లేదా పత్తాలు పడేసి తప్పుకోవచ్చు. తప్పుకుంటే అప్పటిదాకా వేసినవి పోతాయి, మిగిలినవి నీ దగ్గరే ఉంటాయి. అందరూ తప్పుకుంటే మిగిలిన ఒక్కడు తన పత్తాలు చూపించక్కరలేదు. పళ్ళెం వాడిదే. చేతిలో ఏమీ లేకపోయినా సరే. ఇది విని మా ఆయన ఎడమ కన్ను మెరిసింది.

బిడ్డ ఊరుకోలేదు. "బాపు, నీ మొఖం ఈ ఆటకే జేసినట్టున్నది. సగం దిక్కు ఏం తెలుస్తలేదు. ఆ దిక్కు మాకు పెట్టి కూసో, మేం సచ్చినా కనుక్కోలేం."

 తండ్రిని అలా అంటుందా అని చెయ్యెత్తబోయాను. ఆయన నవ్వాడు. జబ్బు చేశాక నేను చూసిన మొదటి నవ్వు అది, సగం ముఖంతోనే. నవ్వి, నిజంగానే కుడి పక్క మాకు తిప్పి కూర్చున్నాడు.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం ఆట. పత్తాలు కలపడం, పంచడం ఆయన పనే. మొదట్లో కట్టంతా ఒళ్ళో చిందరవందరగా పడేది. మేము చూడనట్టు కూర్చునేవాళ్ళం. రాను రాను కుడి చేతి వేళ్ళ మధ్య రెండు పత్తాలు నిలవడం నేర్చుకున్నాయి. ఆటలో నోరు తెరిచి చెప్పాలి, సైగ చేస్తే చెల్లదని బిడ్డ చట్టం పెట్టింది. అందుకని 'ఉన్న', 'పెంచుతున్న', 'ప్యాక్' అనే మాటలు ముద్దగానైనా బయటికి వచ్చాయి. వచ్చి వచ్చి, శుభ్రపడ్డాయి.

నాకూ లాభం కలిగింది, అది కూడా చెప్పాలి. నేను బడికి పోయింది తక్కువ గానీ ఒకసారి చూసిన పత్తా మరిచిపోను. ఎవరు ఎప్పుడు ఏ పత్తా మీద ఎలా ఆడారో ఇప్పటికీ చెప్తాను. కానీ ముఖం దాచుకోవడం నాకు రాదు. మంచి పత్తాలు రాగానే నా చెయ్యి ముక్కుపుడక మీదికి పోతుందట. దాన్ని మా ఆయనే పట్టుకున్నాడు. "పుడక... పుడక ముట్టింది. ప్యాక్" అని పత్తాలు పడేశాడు. నాకు కోపం వచ్చింది, మరుక్షణం కళ్ళు చెమర్చాయి. ఎదుటివాళ్ళ ముఖం చూసి ఆకలి కనుక్కునే మనిషి ఆయన. ఆ మనిషి ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చోవడం నేర్చుకున్నాను. తార్నాకలో కూరగాయల బండి దగ్గర వంకాయల ధర చెప్పగానే కదలకుండా ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడితే, ఆమె తనంతట తానే తగ్గించింది. ఇంటికొచ్చి చెప్తే తండ్రీ బిడ్డా పడి పడి నవ్వారు.

అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కటి మాత్రం కుదరలేదు.

తీన్ పత్తిలో కలర్ కంటే సీక్వెన్స్ పెద్దది. అన్నీ ఆఠీన్లో అన్నీ ఇస్పేట్లో వచ్చినవాడి కంటే, వరుసగా ఆరు, ఏడు, ఎనిమిది వచ్చినవాడు గెలుస్తాడు. పోకర్‌లో ఇది తిరగబడింది. కలరే పెద్దది. చిన్నప్పటి నుంచి తీన్ పత్తి ఆడిన ఏ మనిషైనా ఇక్కడ జారిపడతాడు. నేనూ పడ్డాను. సీక్వెన్స్ పట్టుకొని గింజలన్నీ పళ్ళెంలో వేసి, బిడ్డ కలర్ చూపిస్తే పోట్లాడాను.

"మూడు పత్తాలల్ల కలర్ ఊకెనే వస్తదమ్మా, సీక్వెన్స్ కష్టం. ఐదు పత్తాలల్ల ఉల్టా. గంతే" అంది బిడ్డ.

నేను నా తీరులో గుర్తు పెట్టుకున్నాను. పెళ్ళికి పోయిన ఐదుగురు ఆడవాళ్ళు ఎత్తు ప్రకారం వరుసగా నిలబడమంటే నిలబడతారు. ఐదుగురూ ఒకటే రంగు చీర కట్టుకొని రమ్మంటే రాగలరా? అదే కష్టం. నాకు ఎక్కింది.

ఆయనకు ఎక్కలేదు. పొద్దున చెప్తే సరే అనేవాడు. మధ్యాహ్నం ఆటలో సీక్వెన్స్ రాగానే చెయ్యి దానంతట అదే గింజలన్నీ ముందుకు తోసేది. ఎదుట కలర్ కనిపించగానే ముఖం వాడిపోయేది. ఒక రోజు పత్తాలు నేలకు కొట్టాడు.

"ఎక్కది. నాకు... కొత్తది ఎక్కది. ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు.

మేడం మాట నేను ఆయనకు చెప్పలేదు. ఎవరు చెప్పారో, గోడలు విన్నాయో, ఆయనకు తెలిసిపోయింది. ఆ ఒక్క సీక్వెన్స్ మీద తన బతుకంతా ఆధారపడి ఉన్నట్టు చూసేవాడు. నేను పత్తాలు ఏరి కట్టలో పెట్టాను. మరునాడు మధ్యాహ్నం ఆయనే కట్ట తీశాడు.

ఒక ఆదివారం బిడ్డ మెల్లగా అంది, "బాపు, ముగ్గురితోని మజా వస్తలేదు. మనుషులు సాలుతలేరు. మెస్సు దిక్కు పోదమా? ఇయ్యాల పగటికే వంట అయిపోతది. వంట కాకలు ఖాళీగుంటరు."

 ఆయన చాలాసేపు కర్ర వంక చూశాడు.

"ఎవ్వలూ నన్ను గెలిపియ్యద్దు. గట్లయితేనే వస్త" అన్నాడు.

మెస్సు వెనక చెట్టు నీడలో చాప పరిచారు. ఆయన కింద పని నేర్చుకున్న చిన్న వంటాయన, రొట్టెలు కాల్చే ఆయన, ఇద్దరే ఉన్నారు. మాస్టరు రావడం చూసి లేచి నిలబడి, కర్ర ఒకరు, చెయ్యి ఒకరు పట్టుకోబోయారు. ఆయన ఇద్దర్నీ విదిలించి తానే కూర్చున్నాడు. బిడ్డ వాళ్ళకు ఆట చెప్పింది. కలర్ దగ్గరికి రాగానే గొడవే.

"సీక్వెన్స్ కన్న కలర్ పెద్దదా? ఏం ఆట బిడ్డా గిది, ఉల్టా పుల్టా!" అన్నాడు రొట్టెలాయన.

"మీ సదువులల్ల అన్ని గిట్లనే ఉంటయా?" అన్నాడు చిన్న వంటాయన.

మొదటి ఆటలోనే రొట్టెలాయన మంచి జోడీ పట్టుకొని మాస్టరు మీద జాలితో ప్యాక్ అన్నాడు. మా ఆయన వంగి ఆ పడేసిన పత్తాలు తిప్పి చూశాడు. చూసి, పళ్ళెంలో గింజలు తీసుకోకుండా వాళ్ళ వైపు తోశాడు. "పేషెంట్ లెక్క సూడకు నన్ను. ఆడితే ఆడు" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ జాలి పడలేదు. అందరూ నిజంగానే ఆడారు, నా గింజలన్నీ తొందరగానే అయిపోయాయి. తండ్రికీ బిడ్డకూ నడుమ కాస్త వెనక్కి జరిగి కూర్చున్నాను. అక్కడి నుంచి ఇద్దరి పత్తాలూ కనిపించేవి.

అలా వచ్చింది ఆ ఆట. మా ఆయన చేతిలో ఇస్పేటు ఎనిమిది, కళావరు ఏడు. నడుమ తెరిచిన మూడు పత్తాలు ఆఠీను ఆరు, ఆఠీను తొమ్మిది, ఇస్పేటు పది. ఆరు నుంచి పది దాకా సీక్వెన్స్ చేతికి వచ్చేసింది. ఆయన వేసినన్ని చిన్న వంటాయన వేశాడు, బిడ్డ కూడా వేసింది. నాలుగో పత్తా డైమన్ రాజు, ఎవరికీ పనికిరాలేదు. చిన్న వంటాయన తప్పుకున్నాడు. రొట్టెలాయన అంతకుముందే తప్పుకున్నాడు. ఐదోది తెరిచారు. ఆఠీను రెండు.

నేను బిడ్డ చేతిలోకి చూశాను. ఆఠీను ఎక్కా, ఆఠీను నాలుగు. నడుమ ఉన్న మూడు ఆఠీన్లతో కలిపి ఐదూ ఎర్రగా కూర్చున్నాయి. కలర్.

బిడ్డ తన ముందున్న గింజలన్నీ రెండు చేతులతో పళ్ళెంలోకి తోసింది. దాని ముఖం మీద ఒక్క గీత కదలలేదు. కానీ చాప అంచున దాని కాలి వేళ్ళు ముడుచుకోవడం నాకు కనిపించింది. గెలిపించొద్దని తండ్రి మాట. తండ్రి గింజలన్నీ వేసి, వీళ్ళందరి ముందూ ఆ సీక్వెన్స్ తెరిచి, మళ్ళీ అదే తప్పు చేస్తే? ఇంక ఈ చాప మీదికి ఆయన ఎప్పటికీ రాడు. తండ్రి పత్తాలు చూడకపోయినా ఆ భయం దానికీ ఉంది, నాకూ ఉంది.

ఆయన చెయ్యి గింజల మీదికి పోయింది. పాత అలవాటు. వేళ్ళు గింజల చుట్టూ ముడుచుకున్నాయి. అక్కడ ఆగాయి.

నడుమ ఉన్న ఐదు పత్తాల వంక ఒక్కొక్కటే చూశాడు. ఎర్రది. ఎర్రది. నల్లది. డైమన్. మళ్ళీ చివరి ఎర్రది. పెదవులు కదులుతున్నాయి. ఎంతసేపు చూశాడో! చెట్టు మీది ఉడుత కిందికి దిగి మళ్ళీ పైకి ఎక్కింది. ఆయన చెయ్యి గింజలు వదిలింది. రెండు పత్తాలు తిప్పి చాప మీద పెట్టాడు.

"ప్యాక్."

రొట్టెలాయన ఆ ఎనిమిదినీ ఏడునూ చూసి తల పట్టుకున్నాడు. "మాస్టరూ! సీక్వెన్స్ పట్టుకొని ప్యాకా!" చిన్న వంటాయన నా వైపు వంగి గొంతు తగ్గించాడు. "వదినె, ఇంక దిమాక్ సెట్ కాలేదు గదా..."

నేను నోరు తెరిచేలోపు మా ఆయన మాట్లాడాడు. ఆగి ఆగి, ముక్కలు ముక్కలుగా, కానీ ఒక్క మాట జారకుండా.

"దిమాక్ మంచిగనే ఉన్నది రా. మూడు ఆఠీన్లున్నయ్ గాడ, సూడు. నా బిడ్డ ఉత్తగనే గిన్ని గింజలు పెట్టది. కలర్ ఉంటది దానికి. ఐదు పత్తాలల్ల... కలర్ పెద్దది. ఇది తీన్ పత్తి గాదు."

 వాళ్ళిద్దరూ అప్పుడే చెప్పించుకున్న ఆట మరిచిపోయి, అలవాటు కొద్దీ సీక్వెన్సే పెద్దదనుకున్నారు. ఆయన మరిచిపోలేదు.

"నిజమేనా బిడ్డా? సూపియ్యి, సూపియ్యి!" అని రొట్టెలాయన తొందరపెట్టాడు. బిడ్డ పత్తాలు తిప్పబోయింది. మా ఆయన చెయ్యి చాపి దాని పత్తాల మీద పెట్టి నొక్కాడు. కుడి చెయ్యి.

"సూపియ్యకు బిడ్డా. సూడాలంటే గింజలు పెట్టాలె" అన్నాడు.

చిన్న వంటాయన ముందు నవ్వాడు. ఆ తర్వాత అందరం నవ్వాం. పడిపోయిన మాస్టరును చూసి నవ్వే నవ్వు కాదు అది. మెస్సులో తప్పు పట్టుకొని తిట్టే పాత మాస్టరు ఎదుట కూర్చున్నాడని తెలిసి నవ్విన నవ్వు. చాయ్ వచ్చింది. మా ఆయన ఒక గుటక తాగి "అల్లం ఎవడేసిండు రా, గిట్లనేనా దంచేది?" అన్నాడు. రొట్టెలాయన చెవులు పట్టుకున్నాడు.

బిడ్డ ఆ పళ్ళెం నిండా గింజలు గెలిచింది. ఆ పత్తాలు ఏమిటో వాళ్ళిద్దరికీ ఈ రోజుకూ తెలియదు. నాకు తెలుసు, అందుకే చెప్పుకుంటాను. మంచి పత్తాలు వస్తే ఎవడైనా ఆడతాడు. చేతికి వచ్చిన సీక్వెన్స్‌ను కింద పెట్టడం మా ఆయన చేశాడు, నా కళ్ళతో చూశాను.

ఆ వారం మేడం దగ్గరికి పోవడానికి ఆటో ఎక్కాం. క్యాంపస్ మలుపు దగ్గర డ్రైవరు అలవాటు ప్రకారం బయటి రోడ్డుకు తిప్పబోయాడు. మా ఆయన ముందుకు వంగి అతని భుజం తట్టాడు.

"లోపల్నుంచి పోనియ్."

మెస్సు ముందు నుంచే పోయాం. తార్నాకలో మేడం కుర్చీ జరిపి, ఎప్పటిలాగే నన్ను చూసి అడిగింది, "ఏమన్న కొత్తది నేర్చుకున్నరా అమ్మా?" అని. నేను చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.

"మేడం, మీకు తీన్ పత్తి వస్తదా?" అన్నాడు మా ఆయన. ఆమె రాదంది. "అయితే మొదటికెల్లి చెప్పాలె" అని కర్ర గోడకు ఆనించి మొదలుపెట్టాడు. బయట మా తర్వాత వచ్చినవాళ్ళు బెంచీ మీద కూర్చొని చూస్తున్నారు. మేడంకు ఎంత అర్థమైందో తెలియదు గానీ, ఆయన మాత్రం కలర్ దాకా వచ్చేవరకు ఆపలేదు.